చలి వదలని చెరువులకి మరబూ జిగ్: వాడి చూశాక రాస్తున్న రివ్యూ

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్లు గాలం చేతబట్టేది ఎక్కువగా జూన్‌లో, పిల్లలకి స్కూలు సెలవులిచ్చాక. అప్పటికి ఎండ మాడ్చేస్తుంటుంది, ఒడ్డు వెంట నాచు దట్టంగా అల్లుకుని కొక్కెం వేసిన చోటల్లా తగులుకుంటుంది, చేపలేమో మిట్టమధ్యాహ్నం నీడకో లోతుకో పోయి కదలకుండా ఉంటాయి. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్లకి డాలస్ చెరువుల్లో అసలైన రోజులు ఫిబ్రవరి చివర్లో మొదలై ఏప్రిల్ సగం దాకా నడుస్తాయి. ఆ చల్లటి నీళ్లలో బ్లూగిల్, క్రాపీ, లార్జ్‌మౌత్ బాస్ అనే మూడు రకాల చేపలకీ పనికొచ్చేదిగా నేను పెట్టెలో అన్నిటికన్నా ముందు పెట్టుకునేది మరబూ జిగ్ అనే చిన్న ఈక ఎర. ఔన్సులో 32వ వంతు బరువు, అంటే గ్రాముకి కూడా కాస్త తక్కువే, ధర రెండు డాలర్ల లోపు. ఈ ధరకి ఈ సీజన్‌లో ఇంత బాగా పనిచేసే ఎర నేనింకోటి చూడలేదు. లోపాలున్నాయి, అవీ దాచకుండా చెబుతాను.

ఎలా ఉంటుందంటే, సీసంతో పోసిన చిన్న గుండు తల, దానికి ఒక రంగు, అందులోంచి వచ్చే సన్నటి కొక్కెం, కొక్కెం కాడకి దారంతో బిగించి కట్టిన మెత్తటి ఈక, అదే దీని తోక. అంతే. ఒకప్పుడు మరబూ కొంగ ఈకలు వాడేవాళ్లు కాబట్టి ఆ పేరు, ఇప్పుడు దొరికేవన్నీ టర్కీ కోడి ఈకలే, రంగులు అద్ది కడతారు. ఏ కంపెనీదో చెప్పమని అడుగుతారని తెలుసు. చాలామంది చేస్తారు, పడవ సామాను అమ్మే పెద్ద షాపుల్లోనూ ఎరలు అమ్మే చిన్న షాపుల్లోనూ గోడకి వేలాడుతుంటాయి, వాటి మధ్య తేడా కంపెనీ పేరులో కన్నా కట్టిన తీరులో ఉంటుంది. అది ఎలా చూసుకోవాలో కింద రాశాను.

పొడిగా ఉన్నప్పుడు చూస్తే దీన్ని ఎవరూ కొనరు. దూది పింజలా ఉబ్బి ఉంటుంది. నీళ్లలో ముంచి తీస్తే ఈకంతా అతుక్కుపోయి పుల్లలా సన్నబడుతుంది, అప్పుడింకా నిరాశగా ఉంటుంది. మళ్లీ ముంచి, ఒడ్డు పక్కనే అడుగు లోతులో కదపకుండా పట్టుకుని వంగి చూడండి. పోగులు ఒక్కొక్కటే విడిపోయి, మీ చెయ్యి కదలకపోయినా అవి మాత్రం చివర్ల దగ్గర సన్నగా వణుకుతూ ఉంటాయి, అరక్షణం కిందకి దించితే తెరుచుకుంటాయి, పైకి లేపితే ముడుచుకుంటాయి, అచ్చం ఏదో ప్రాణి మొప్పలు ఆడించుకుంటున్నట్టే. ఈ జిగ్ ఖరీదంతా ఆ కదలికదే. ప్లాస్టిక్ ఎర కదలాలంటే మనం లాగాలి. ఇది ఆగి ఉన్నా కదులుతుంది.

చలి నీళ్లలో ఆ తేడాయే చేపని పడేస్తుంది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు 50 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉన్నప్పుడు దానికి ఆకలీ తక్కువే, అరుగుదలా నెమ్మదే, దేని వెంటా పరుగెత్తదు. పెద్ద ఎర వేసి వేగంగా లాగితే కన్నెత్తి కూడా చూడదు. అదే నోటి ముందుకి ఒక చిన్న పురుగులాంటిది వచ్చి ఆగి, అక్కడే వణుకుతూ ఉంటే, కాసేపు చూసి చప్పరిస్తుంది. ఆ రోజుల్లో బ్లూగిల్ కడుపు నింపుకునేది కూడా అలాంటివాటితోనే, బురదలో ఉండే దోమజాతి పురుగుల పిల్లలు, తూనీగ పిల్లలు. మన జిగ్ సైజు దాదాపు వాటి సైజే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు మన దగ్గర. డాలస్‌లో అంత తేలిగ్గా పోదు. నాలుగు రోజులు 75 డిగ్రీల ఎండ కాసి రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగులో పూసేస్తాయి, చేపలు ఒడ్డుకి వచ్చేస్తాయి, ఐదో రోజు ఉత్తరపు గాలి దిగి ఒక్క రాత్రిలో ముప్పైల్లోకి పడేస్తుంది. ఆ గాలి దిగాక వచ్చే మొదటి రోజు, ఆకాశం తళతళలాడుతూ చూడ్డానికి ఎంతో బాగుంటుంది, చేపలు మాత్రం నోరు తెరవవు. అలాంటి రోజున వెళ్లి ఎర బాగాలేదని తీర్పు ఇవ్వకండి. వరసగా రెండుమూడు రోజులు దక్షిణపు గాలి వీచాక, మధ్యాహ్నం రెండు నుంచి ఐదింటి మధ్య వెళ్లండి. పొద్దున్నే లేచి పరుగెత్తాల్సిన పని ఈ కాలంలో లేదు, రాత్రంతా చల్లబడిన నీళ్లకి ఎండ తగిలి కాస్త వేడెక్కేసరికి మధ్యాహ్నం అవుతుంది.

చెరువులో ఏ పక్క నిలబడాలన్నది కూడా ఎరంత ముఖ్యం. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు ఒడ్డుకే ఎండ ఎక్కువసేపు నేరుగా తగులుతుంది, ఉత్తరపు చలిగాలి నుంచి ఆ గట్టే అడ్డుగా నిలుస్తుంది, దక్షిణపు గాలి వీచిన రోజున పైన వేడెక్కిన నీళ్లన్నీ అటే నెట్టుకొస్తాయి. అడుగున నల్లటి ఒండ్రు ఉన్న లోతులేని మూల, సిమెంటు గోడ, రాళ్లు పేర్చిన కట్ట, పోయిన ఏటి ఎండిన జమ్ము మిగిలిన చోటు, వీటిల్లో ఏది కనిపించినా ముందు అక్కడ వేయండి. తాబేళ్లు ఒడ్డెక్కి మెడలు చాపుకుని వరసగా ఎండ కాచుకుంటుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. కాలనీ చెరువుల మధ్య ఫౌంటెన్ ఉంటుంది చూడండి, ఎండాకాలంలో దాని చుట్టూ చేపలుంటాయి గానీ ఈ నెలల్లో అది అడుగున ఉన్న చల్లటి నీళ్లని పైకి తోడి కలిపేస్తుంటుంది, దానికి దూరంగా ఉండటమే నయం.

ఇక వేసే పద్ధతి. ఒట్టి జిగ్ విసిరితే ఎక్కువ దూరం పోదు, గాలి ఎదురుంటే అదీ పోదు. అందుకని బెండు కావాలి. ఎరుపూ తెలుపూ రంగుల్లో గుండ్రటి ప్లాస్టిక్ బెండు అన్ని షాపుల్లో దొరుకుతుంది, దాన్ని వద్దంటాను. గుండ్రటిది నీళ్లలోకి దిగడానికి మొరాయిస్తుంది, చలికి మగతగా ఉన్న చేప ఆ బరువు తెలియగానే ఎర ఉమ్మేస్తుంది. మన ఊళ్లలో నెమలీక కాడని బెండుగా కట్టేవాళ్లు గుర్తుందా, అలాంటి సన్నటి పొడవాటిది తీసుకోండి, కింద కొంచెం బరువున్నదైతే విసరడానికీ బాగుంటుంది. నాలుగు పౌండ్ల బరువు తట్టుకునే లైన్, అంటే గాలం దారం, ఐదు ఐదున్నర అడుగుల అల్ట్రాలైట్ రాడ్, అంటే బాగా సన్నటి తేలికైన కర్ర, లైన్ చుట్టుకోడానికి చిన్న స్పిన్నింగ్ రీలు చాలు. బెండుకీ జిగ్‌కీ మధ్య అడుగున్నర నుంచి రెండడుగులు. విసిరాక అలలు సద్దుమణిగేదాకా ముట్టుకోకండి. మనసులో పది లెక్కపెట్టుకుని రాడ్ కొనని బెత్తెడు కదిపి, మళ్లీ ఆపేయండి. అంతకన్నా ఎక్కువ చేయబుద్ధవుతుంది, చేయకూడదు.

ముడి దగ్గర ఒక చిన్న సంగతి ఉంది, దీన్ని ఎవరూ ప్యాకెట్ మీద రాయరు. జిగ్ కన్ను, అంటే లైన్ కట్టే చిన్న రింగు, తల పైభాగాన ఉంటుంది. ముడి బిగించాక అది కన్ను ముందువైపుకి జారితే జిగ్ తోక కిందకి వేలాడుతుంది, నీళ్లలో ఏ చిన్న చేపా అలా నిలువుగా వేలాడదు. ముడిని వేలితో కన్ను పైభాగానికి జరిపి, లైన్ పట్టుకుని చూస్తే జిగ్ అడ్డంగా, నేలకి సమాంతరంగా ఉండాలి. ప్రతి చేప పడ్డాక ముడి జారుతుంది, మళ్లీ సర్దండి. పక్కపక్కనే ఇద్దరం ఒకే జిగ్ వేసినప్పుడు ఒకరికే పడుతుంటే ముందు నేను చూసేది ఈ ముడినే.

బెండు మునిగితేనే చేప పట్టినట్టు అనుకుంటే సగం చేపలు పోతాయి. ఈ నీళ్లలో బ్లూగిల్, క్రాపీ తరచూ కింద నుంచి వచ్చి జిగ్‌ని నోట్లోకి పీల్చుకుని పైకే లేస్తాయి. అప్పుడు జిగ్ బరువు బెండు మీద ఉండదు కాబట్టి నిలబడి ఉన్న బెండు మెల్లగా వాలి నీళ్ల మీద పడుకుంటుంది. మా అమ్మాయి దీన్ని నాకన్నా ముందు పసిగడుతుంది, "నాన్నా, బెండు పడుకుంది!" అని అరిచేసరికి నేనింకా అలల్లో దాన్ని వెతుక్కుంటుంటాను. పడుకున్నా, పక్కకి నడిచినా, ఒక్క గీటు మేర కుంగినా రాడ్ మెత్తగా ఎత్తాలి, గట్టిగా గుంజకూడదు. క్రాపీ నోటి పక్కన పొర కాగితమంత పల్చన, గుంజితే చిరిగి జారిపోతుంది. బ్లూగిల్ అయితే అరచేతి సైజుదైనా నీళ్లలో అడ్డం తిరిగి గుండ్రంగా కొట్టుకుంటూ లాగుతుంది, ఆ సన్నటి రాడ్ మీద అది చూపించే బలం చూసి పెద్ద చేపేదో పడిందనుకుంటారు. దాని వీపు మీద ముళ్లు గుచ్చుకుంటాయి, తల వైపు నుంచి తోక వైపుకి చేత్తో నిమిరి రెక్కని అణిచి పట్టుకోండి, చెయ్యి ముందే తడిపి మరీ.

బాస్ సంగతి వేరుగా చెప్పాలి. కొరమేను తెలిసినవాళ్లకి బాస్ తేలిగ్గా అర్థమవుతుంది, జమ్ములో, కొమ్మల కింద పొంచి ఉండి మీద పడే రకం, పిల్లల్ని కాపలా కాసే రకం. నీళ్లు 55 దాటుతుండగా అవి లోతు నుంచి ఒడ్డుకి చేరి తినడం మొదలుపెడతాయి, 60 దాటాక మగవి తోకతో అడుగుని ఊడ్చి గూడు కడతాయి. ఈ మధ్య రోజుల్లో గుడ్లతో బరువెక్కిన ఆడ బాస్ ఈ చిన్న ఎరని కూడా పట్టేస్తుంది, ఇది నిజం. కానీ 32వ వంతు జిగ్‌కి ఉండే సన్నటి కొక్కెం మూడు పౌండ్ల చేపకి సరిపోదు, డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్ వదిలే రీలు బిగువు, వదులుగా పెట్టుకోకపోతే కొక్కెం నిటారుగా సాగిపోతుంది. బాస్ కోసమే వెళ్లేవాళ్లు 16వ వంతు ఔన్సు జిగ్ తీసుకోండి, దాని కొక్కెం కాస్త లావు, దాన్ని బెండు లేకుండా అడుగుదాకా దింపి నెమ్మదిగా పాకించొచ్చు. పూర్తిగా బాసే కావాలంటే నెడ్ రిగ్ అని వేలెడు ప్లాస్టిక్ ముక్క గుచ్చి వాడేది ఉంది, బాస్‌కి అదే మెరుగు. కానీ ఆ ముక్క బ్లూగిల్ నోట్లో పట్టదు, పొద్దున్నుంచీ తోక కొరుక్కుని పోతుంటాయి. ఒకే రాడ్‌తో, పిల్లల్ని పక్కన పెట్టుకుని, ఏది పడితే అది అనుకుని వెళ్లేవాళ్లకి మరబూయే సరైనది. గూడు మీదున్న మగ బాస్ పడితే మాత్రం ఫోటోల కోసం నిలబెట్టకుండా వెంటనే అక్కడే వదలండి. అది పక్కకి జరిగిన నిమిషాల్లోనే బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు తినేస్తుంది.

లోపాలకొద్దాం. మొదటిది, నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా తెప్పించిన ఒక పెద్ద ప్యాకెట్‌లో సగం జిగ్‌ల కళ్లు రంగుతో పూడుకుపోయి ఉన్నాయి, సూదితో పొడిచి తెరుచుకోవాల్సి వచ్చింది. కొన్నిటికి దారం చివర జిగురు వేయలేదు, మూడో చేపకే ఈక ఊడి చేతికొచ్చింది. అందుకే షాపులో చేత్తో చూసి కొనడం మంచిదంటాను. కన్ను తెరుచుకుని ఉందా, దారం కట్టు మీద మెరిసే జిగురు పూత ఉందా, కొక్కెం మొన గోరు మీద పెడితే జారకుండా ఆగుతుందా, ఈ మూడూ చూసుకోండి. రెండోది, చాలామంది తయారీదార్లు తోక మరీ పొడుగ్గా వదిలేస్తారు. బ్లూగిల్ నోరు చిన్నది, తోక చివర కొరికి వదిలేస్తుంది, బెండు ఊగుతుంది గానీ చేప రాదు. తోకని కొక్కెం వంపుకి కొంచెం వెనక దాకా ఉంచి మిగతాది గోళ్లతో గిల్లేయండి. కత్తెర వాడొద్దు, కత్తిరిస్తే చివర్లు మొద్దుగా అయిపోయి నీళ్లలో ఆ వణుకు పోతుంది. మూడోది తుప్పు. తడి ఈక నీళ్లు పీల్చుకుని ఉంటుంది కదా, అలాగే పెట్టెలో పెట్టి మూత వేస్తే వారం తిరిగేసరికి కొక్కెం ఎర్రబడుతుంది, పక్కవాటికీ ఆ మరక అంటుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లలో చేప జిగట కడిగి, రాత్రంతా ఆరబెట్టి పెట్టెలో పెట్టాలి. ఓపిక లేనివాళ్లకి ఇది కచ్చితంగా చిరాకే.

నాలుగోది సీసం, దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. వీటిల్లో ఎక్కువ భాగం సీసం తలలే. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, వేసినంతసేపూ అదే చేత్తో చిప్స్ తినకుండా ఆపాలి, తడి టిష్యూల ప్యాకెట్ వెంట ఉండాలి. తెగిపోయి నీళ్లలో పడ్డ సీసం ముక్కల్ని మింగి లూన్ అనే నీటిపక్షులు చచ్చిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో ఇంత చిన్న సీసం జిగ్‌ల వాడకమే నిషేధించారు. అటువైపు ఉండే మనవాళ్లు ఇది చదివి టెక్సస్ నుంచి తెప్పించుకోకండి. టంగ్‌స్టన్ తలవి దొరుకుతాయి, ధర ఎక్కువ, కానీ అదే బరువుకి తల ఇంకా చిన్నగా ఉంటుంది కాబట్టి చేపకి నచ్చేదీ అదే. పిల్లల పెట్టెలో నేను అవే పెడుతున్నాను.

రంగు గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. నీళ్లు తేటగా ఉంటే ఆలివ్ లేదా గోధుమ రంగు, వాన పడి మడ్డిగా ఉంటే నలుపు, క్రాపీ కోసమైతే తెలుపు. ఈ మూడూ ఉంటే చాలు. చిలకపచ్చా పసుపూ కలిసిన మెరుపు రంగుని షాపులో చాలామంది సిఫార్సు చేస్తారు, నాకు మబ్బు రోజుల్లో మాత్రమే పనికొచ్చింది.

పురుగుల ఎర మానేసి ఇదే ఎందుకని అడిగేవాళ్లుంటారు. వానపాము నిజంగానే బాగా పడుతుంది, ఈ కాలంలో దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే బ్లూగిల్ పిల్లలు దాన్ని గుటుక్కున మింగేస్తాయి, కొక్కెం గొంతులో దిగబడుతుంది, అలాంటి చేపని వదిలినా బతకడం కష్టం. జిగ్ దాదాపు ఎప్పుడూ పై పెదవికే తగులుతుంది, రెండు వేళ్లతో తిప్పితే ఊడి వచ్చేస్తుంది. పట్టి వదిలేసే ఆలోచనతో వెళ్లేవాళ్లకి నేను జిగ్ చెప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

వండుకోవాలనుకునేవాళ్లకి కూడా ఒక మాట. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవాళ్లు నైబర్‌హుడ్ ఫిషిన్ పథకం కింద ఊళ్ల మధ్య ఉన్న పార్కు చెరువుల్లో చలికాలమంతా రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని వదులుతారు, వాళ్ల సైట్‌లో ఊరి పేర్లతో జాబితా ఉంటుంది. ఈ జిగ్‌కి అవీ పడతాయి, బెండు తీసేసి లైన్ నెమ్మదిగా చుట్టుకుంటూ వస్తే మరీ బాగా. ఎండలు ముదిరితే ట్రౌట్ ఇక్కడి నీళ్లలో బతకవు, రోజుకి ఐదు దాకా తీసుకోవచ్చు, కాబట్టి మార్చిలో పడ్డవాటిని మొహమాటం లేకుండా ఇంటికి తెచ్చుకోండి. పసుపూ కారం పట్టించి పెనం మీద వేపితే ముల్లు తేలిగ్గా విడిపోతుంది. లార్జ్‌మౌత్ బాస్‌ని ఉంచుకోవాలంటే చాలా చోట్ల 14 అంగుళాలు ఉండి తీరాలి. కాలనీ సంఘాల చెరువుల్లో పట్టినవి మాత్రం నేను వండను, పచ్చికకి కొట్టే మందులన్నీ వానకి అందులోకే దిగుతాయి. 17 ఏళ్లు నిండినవాళ్లందరికీ లైసెన్స్ కావాలి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి రాడ్ ఇచ్చినా సరే. స్టేట్ పార్కు లోపలి నీళ్లలో, ఒడ్డునే ఉండి వేస్తే లైసెన్స్ అక్కర్లేదు, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు అటు చూసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 32వ వంతు ఔన్సువి నలుపు, ఆలివ్, తెలుపు రంగుల్లో రెండేసి, బాస్ కోసం 16వ వంతువి రెండు నల్లవి, సన్నటి బెండ్లు రెండు, గొంతులోంచి కొక్కెం తీసే చిన్న పట్టకారు ఒకటి కొనుక్కోండి, ఇరవై డాలర్లకి కాస్త అటూ ఇటుగా అయిపోతుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర తగ్గించింది సీసానికి. మే నెల వచ్చి నీళ్లు 75 దాటాక ఇవి పక్కన పెట్టేయొచ్చు, అప్పటికి చేపలు దేన్నయినా తరిమి పట్టుకుంటాయి, దానికి ఇంత ఓపికగా బెండు వైపు చూస్తూ నిలబడాల్సిన అవసరం ఉండదు.